పైనుంచి చూసిన శాంతి

2020 నవంబరు 10వ తేదీన, మాస్కో గడియారం ప్రకారం అర్ధరాత్రికి, నగోర్నో కరబాఖ్‌లో కాల్పులు ఆగిపోయాయి. అజర్‌బైజాన్ అధ్యక్షుడు అలియేవ్, అర్మేనియా ప్రధాని పషిన్యాన్, రష్యా అధ్యక్షుడు పుతిన్ సంతకాలు చేసిన ఆ ఒడంబడికలో తొమ్మిది అంశాలున్నాయి. ఏ జిల్లాను ఏ తేదీకి ఖాళీ చెయ్యాలి, లాచిన్ రహదారి ఎన్ని కిలోమీటర్ల వెడల్పున ఎవరి కాపలాలో వుండాలి, 1,960 మంది రష్యా సైనికులు ఎన్నేళ్లు అక్కడ మకాం వెయ్యాలి, ఇవన్నీ అందులో లెక్కగా రాసి వున్నాయి. ఖైదీలను, చనిపోయినవారి శరీరాలను పరస్పరం అప్పగించుకోవాలన్నది ఒక అంశం. 44 రోజుల్లో నేలకూలిన వేలాది కుర్రవాళ్ల తల్లులకు ఆ కాగితంలో దక్కిన చోటు అంతే. ఆ రాత్రి బాకూ వీధుల్లో జనం జెండాలు పట్టుకొని ఊరేగారు. అదే రాత్రి యెరెవాన్‌లో జనం పార్లమెంటు భవనంలోకి చొరబడి సభాపతిని కొట్టారు.

కాల్పులు ఆగడం మంచిదా చెడ్డదా అని ఎవరూ అడగనక్కరలేదు. ఒక్క రోజు ముందు ఆగినా ఎందరి ప్రాణాలో నిలిచేవి. ఆ మాట ఒప్పుకొన్న తర్వాతనే నేనొక ప్రశ్న వెయ్యదలచుకొన్నాను. ఆయుధం మారినప్పుడు దానితోపాటు శాంతి కూడా మారిపోతుందా? కంటికి కనిపించనంత ఎత్తున తిరిగే యంత్రాలు మొగ్గు తేల్చిన యుద్ధంలో, కాల్పుల విరమణ అనే మాటకు మనం ఇంతకాలం ఇచ్చుకొన్న అర్థం మిగిలి వున్నదా?

నాకీ ప్రశ్న యుద్ధ శాస్త్రం చదవడంవల్ల పుట్టలేదు. నేను తెలుగు పాఠాలు చెప్పుకొని బతికేవాణ్ణి. ఆ ఏడు కరోనా మూలంగా కళాశాలలు మూతబడి పాఠాలన్నీ ఫోనుల్లో నడిచాయి. ఉద్యోగపర్వంలోని రాయబార ఘట్టానికి తాత్పర్యం రాసి బి.ఏ. విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో పంపుతూండగా, మధ్యలో ఒక కుర్రవాడు చిన్న వీడియో ఒకటి పంపాడు. నలుపు తెలుపు బొమ్మ. మధ్యలో గురి గీతలు. కొండ దారి పక్కన ఒక లారీ, దాని చుట్టూ చీమల్లా నలుగురైదుగురు మనుషులు. వాళ్లలో ఒకడు లారీ దిగి రెండడుగులు వేశాడు. తెర ఒక్కసారి తెల్లబడింది. పొగ తేలిపోయేసరికి లారీ లేదు, మనుషులు లేరు. శబ్దం కూడా లేదు. ఆ వీడియో కింద వరసగా చప్పట్ల బొమ్మలు పడ్డాయి. "ఎవరు నాయనా వాళ్లు?" అని రాశాను. "తెలియదు మేష్టారూ, కాని ఆ గురి చూడండి!" అని జవాబు వచ్చింది.

ఆ కుర్రవాడు దుర్మార్గుడు కాడు. వాడికి అర్మేనియా మీద కోపం లేదు, అజర్‌బైజాన్ మీద ప్రేమ లేదు. ఆ రెండు దేశాలూ పటంలో ఎక్కడున్నాయో కూడా వాడికి తెలియదు. వాడికి యుద్ధం అందిన రూపమే అటువంటిది. ఆ రోజుల్లో అజర్‌బైజాన్ రక్షణ శాఖ ఇటువంటి చిత్రాలను దాదాపు రోజూ విడుదల చేసేది. బాకూ నగరంలో పెద్ద తెరలమీద వాటిని ప్రదర్శించారు. ఎవడి చావో తెలియకుండా చావును చూడడం, చూసి మెచ్చుకోవడం అనే కొత్త అలవాటు ప్రపంచానికంతటికీ పట్టింది. మా గ్రూపులో రాయబారం పాఠం అక్కడికి ఆగిపోయింది. అయిదూళ్లిచ్చినా చాలునన్న మాట చెల్లక కురుక్షేత్రం వచ్చిందని చెప్పవలసిన పాఠం అది.

నాకు తెలిసిన సాహిత్యంలో దూరంనుంచి యుద్ధాన్ని చూసినవాళ్లు ఇద్దరున్నారు. ఒకడు సంజయుడు. వ్యాసుడిచ్చిన దివ్యదృష్టితో రణరంగమంతా చూసి గుడ్డి రాజుకు చెప్పాడు. కాని అతడు చెప్పినప్పుడు ప్రతి చావుకూ ఒక పేరున్నది. పోయినవాడు ఎవరి కొడుకో, ఎవరి తమ్ముడో చెప్పాడు. ఇదంతా నీ మూలంగానే జరిగిందని రాజు ముఖానే అన్నాడు. రెండవది గాంధారి. స్త్రీపర్వంలో ఆమెకూ దూరదృష్టి దక్కింది. ఆమె చూసింది శవాలను, వాటిమీద పడి ఏడ్చే కోడళ్లను. గెలిచిన పక్షపు కృష్ణుణ్ణి ఎదుట నిలబెట్టుకొని ఆమె వాటిని ఒక్కొక్కటే చూపింది. ఈనాటి యంత్రానికి వీళ్లిద్దరికంటే చురుకైన చూపున్నది. రాత్రిపూట మనిషి ఒంటి వేడిని సైతం అది పసిగడుతుంది. కాని దానికి పేర్లు తెలియవు, అది రాజును నిలదీయదు.

ఈ కరబాఖ్ ఎక్కడిది? మా తరానికి ఆ పేరు కొత్తగాని, మన పాఠకుల్లో పెద్దలకు ఆ నేల పూర్తిగా పరాయిది కాదు. మా నాన్నగారు బడిపంతులు. ఆయన పెట్టెలో 'సోవియట్ భూమి' పాత సంచికల కట్ట ఒకటి వుండేది. బాకూ చమురు బావులూ, అర్మేనియా ద్రాక్షతోటలూ, పక్కపక్కన నిలబడి నవ్వే రెండు జాతుల యువతీ యువకులూ నాకు మొదట ఆ నున్నటి కాగితాలమీదనే కనిపించారు. జాతుల మైత్రి అనే మాట నేను నేర్చుకొన్నది అక్కడే. ఆ బొమ్మలు అబద్ధమని నేననను. బాకూలో అర్మేనియన్, అజర్‌బైజానీ కుటుంబాలు వియ్యమందుకొన్నాయి, ఒకే కర్మాగారంలో పనిచేశాయి. అయినా 1988 ఫిబ్రవరిలో ఆ మైత్రి వారం పది రోజుల్లో ఎలా పగిలిపోయిందన్న ప్రశ్నను వామపక్ష పాఠకులు తప్పించుకోవడానికి వీల్లేదు.

1921 జులైలో బోల్షివిక్ పార్టీ కాకసస్ శాఖ, జనంలో అత్యధికులు అర్మేనియన్లే అయిన పర్వత కరబాఖ్‌ను అజర్‌బైజాన్‌లోనే వుంచాలని తీర్మానించింది. 1923లో దాన్ని స్వయంపాలిత ప్రాంతంగా ఏర్పరిచారు. ఆ తర్వాత అరవై ఏళ్లకు పైగా ఆ ప్రశ్నను చర్చకు రానివ్వలేదు. 1988 ఫిబ్రవరిలో కరబాఖ్ సోవియట్ తమను అర్మేనియాలో కలపమని తీర్మానం చేసింది. ఆ నెల చివరనే సుమ్‌గాయిత్ పట్టణంలో అర్మేనియన్లను ఊచకోత కోశారు. అర్మేనియాలోని అజర్‌బైజానీలు, అజర్‌బైజాన్‌లోని అర్మేనియన్లు మూటాముల్లే సర్దుకొని ఎదురెదురు దారుల్లో పారిపోయారు. సోవియట్ యూనియన్ కూలిన తర్వాత అది పూర్తి యుద్ధమయింది. 1992 ఫిబ్రవరిలో ఖోజాలీ దగ్గర పారిపోతున్న వందలాది అజర్‌బైజానీ పౌరులు హతులయ్యారు. 1993లో అర్మేనియన్ సేనలు కరబాఖ్ చుట్టూ వున్న అజర్‌బైజాన్ జిల్లాలను కూడా ఆక్రమించాయి. అగ్దామ్ పట్టణాన్ని, ఇటుకలకోసం తలుపులకోసం గోడలతో సహా ఊడబీకి, మొండిగోడల దిబ్బగా మార్చారు. భద్రతా మండలి ఆ ఒక్క ఏడే నాలుగు తీర్మానాలు చేసింది. ఒక్కటీ అమలు కాలేదు. 1994 మే నెలలో కాల్పుల విరమణ వచ్చేనాటికి సుమారు 30,000 మంది మరణించారు. రెండు జాతులూ కలిపి పది లక్షల మంది దాకా నిర్వాసితులయ్యారు. వారిలో ఎక్కువమంది అజర్‌బైజానీలు.

ఎవరు ముందు, ఎవరు ఎక్కువ అనే లెక్క మొదలుపెడితే దానికి అంతులేదు. స్వయంనిర్ణయ హక్కు ఒకరి చేతిలో వున్నది, దేశ సమగ్రత హక్కు మరొకరి చేతిలో వున్నది. రెండూ నిజమైన హక్కులే. రెండు హక్కులూ ఒకే నేలమీద నిలబడినపుడు ఏం చెయ్యాలన్నది ప్రజలమధ్య తేలవలసిన విషయం. దాన్ని పైవాళ్లు మొదట తీర్మానంతో, తర్వాత ఫిరంగితో, చివరకు డ్రోన్‌తో తేల్చుకొన్నారు.

1994 నాటి విరమణ 26 ఏళ్లు నిలిచింది. మధ్యలో శాంతి సేన అంటూ ఎవరూ లేరు. కందకాల్లో ఎదురెదురుగా కూర్చొన్న సైనికులు ఒకరినొకరు చూసుకొంటూ, అప్పుడప్పుడు కాల్చుకొంటూ కాలం గడిపారు. ఆ 26 ఏళ్లలో బాకూ చమురు గొట్టాలగుండా మధ్యధరా సముద్రానికి చేరింది, ఆ డబ్బు ఆయుధాలుగా తిరిగివచ్చింది. రష్యా రెండు పక్షాలకూ ఆయుధాలమ్మింది. ఇజ్రాయెల్ అజర్‌బైజాన్ దగ్గర చమురు కొన్నది, అజర్‌బైజాన్‌కు డ్రోన్లు అమ్మింది. టర్కీ తన బైరక్తార్ విమానాన్ని అమ్మింది. దాన్ని తయారుచేసే సంస్థలో ముఖ్య సాంకేతికాధికారి టర్కీ అధ్యక్షుడి అల్లుడు. ఆ విమానానికి కన్నుగా అమర్చిన కెమెరా కెనడాది. 2020 అక్టోబరులో గొడవయ్యాక కెనడా ఆ ఎగుమతిని ఆపింది, మరుసటి ఏడు రద్దు చేసింది. అప్పటికి ఆ కన్ను చూడవలసినదంతా చూసింది.

ఆ యంత్రాల పనితనాన్ని గూర్చి రెండు మాటలు చెప్పాలి. బైరక్తార్ మనిషి ఎక్కని విమానం. రెక్కల పొడవు 12 మీటర్లు. ఒక రోజంతా గాలిలో తిరగగలదు. చిన్న బాంబులు నాలుగు మోస్తుంది. ఎక్కడో గదిలో కూర్చొన్న మనిషి తెరమీద చూస్తూ లేజరు వెలుగును లక్ష్యంమీద నిలిపితే ఆ బాంబు దాన్ని వెంబడించి పోయి తగులుతుంది. హరోప్ మరొక రకం. గద్దలా గంటల తరబడి ఆకాశంలో తిరిగి, లక్ష్యం దొరికినప్పుడు తానే దానిమీద పడి పేలిపోతుంది. వీటికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆన్-2 అనే పాత విమానం. 1947లో మొదటిసారి ఎగిరిన ఈ రెండంతస్తుల రెక్కల విమానాన్ని సోవియట్ కాలంలో పొలాలకు మందు చల్లడానికి విరివిగా వాడారు. అజర్‌బైజాన్ వాటిని పైలట్లు లేకుండా ఎగిరేటట్టు మార్చి శత్రువు మీదికి పంపింది. అవి వచ్చాయని అర్మేనియన్ల విమాన విధ్వంసక ఆయుధాలు కాల్పులు మొదలుపెడితే, ఆయుధాలెక్కడ దాగివున్నాయో పైన తిరిగే డ్రోన్‌కు తెలిసిపోతుంది. పైరుకు చీడ వదిలించిన రెక్క మనుషులకు ఎరగా మారింది.

కొందరు మిత్రులు ఇక్కడొక వాదం తెస్తారు. డ్రోన్‌కు గురి తప్పదు కాబట్టి అమాయకుల చావులు తగ్గుతాయంటారు. 44 రోజుల్లో రెండు పక్షాలా కలిపి 6,500కు పైగా సైనికులు చనిపోయారు. వీళ్లలో చాలామంది నిర్బంధ సైనిక సేవలో వున్న 18, 19, 20 ఏళ్ల పిల్లలు. అంటే 1994 కాల్పుల విరమణ తర్వాత పుట్టినవాళ్లు. ఏ విరమణ నీడన వాళ్లు ఉగ్గుపాలు తాగారో ఆ విరమణే వాళ్లను పెంచి కందకానికి అప్పగించింది. వాళ్లు అమాయకులు కారా? పోనీ పౌరులనైనా ఈ కొత్త యుద్ధం వదిలిపెట్టిందా అంటే అదీ లేదు. స్టెపనకెర్ట్ మీద గుత్తిబాంబులు పడ్డాయి. గాంజా నగరంలో నిద్రపోతున్న ఇళ్లమీద క్షిపణులు పడ్డాయి. అక్టోబరు 28న బర్దాలో గుత్తిబాంబులకు ఇరవై మందికి పైగా చచ్చిపోయారు. పాత ఆయుధాలు పాత పని చేస్తూనే వున్నాయి, కొత్తవి వాటికి తోడయ్యాయి. చివరకు షుషా పట్టణాన్ని గెలిచింది కూడా యంత్రం కాదు. నవంబరు పొగమంచులో కొండ చరియలు ఎగబాకిన కాల్బలం వీధి వీధికీ పోరాడి దాన్ని పట్టుకొన్నది. కింద చావడానికి పేదవాడి కొడుకు ఇప్పటికీ కావలసే వున్నాడు.

డ్రోన్ మార్చిందేమిటంటే, గెలిచేవాడి మనసును మార్చింది. కందకంలో ఎదురెదురుగా వున్నవాడికి శత్రువు ముఖం కనపడుతుంది, దగ్గు వినపడుతుంది. ఇద్దరూ చలికి వణుకుతారు. రాజీ అనేది ఆ సమానమైన భయంలోనుంచి పుడుతుంది. ఒకడు తెరముందు, మరొకడు తెరలో వున్నప్పుడు ఆ సమానత పోతుంది. తెరముందున్నవాడికి రాజీ అవసరం కనిపించదు. అతడు చేసే విరమణ, చేతనైనంత తీసుకొని, మిగిలినది తర్వాత తీసుకొందామని వేసుకొనే విరామం. 2021 ఏప్రిల్‌లో బాకూలో యుద్ధ విజయ చిహ్నాల ఉద్యానవనం ఒకటి తెరిచారు. చనిపోయిన అర్మేనియన్ సైనికుల శిరస్త్రాణాలు అక్కడ వరసగా వేలాడదీశారు. వికారమైన ముఖాలతో సైనికుల మైనపు బొమ్మలు నిలబెట్టారు. విమర్శ రాగా ఆ తర్వాత వాటిని తీసివేశారు. సంధి చేసుకొన్న పొరుగువాడి పిల్లల టోపీలను ప్రదర్శనకు పెట్టుకొన్నవాడి చూపులో సంధి ఎక్కడ వున్నది?

జరిగింది కూడా అదే. విరమణ షరతు ప్రకారం కెల్బజార్ జిల్లాను వదిలిపోవలసివచ్చిన అర్మేనియన్లు 2020 నవంబరులో తమ ఇళ్లకు తామే నిప్పు పెట్టుకొన్నారు. కొందరు సమాధులు తవ్వి తమవాళ్ల ఎముకలు మూటగట్టుకొని వెళ్లారు. 1993లో అదే జిల్లానుంచి అజర్‌బైజానీలు మంచు కొండలు దాటి పారిపోయారు. ఒకే గుమ్మంనుంచి రెండు జాతులు ఏడ్చుకొంటూ బయటికి నడిచాయి. 2022 డిసెంబరులో లాచిన్ దారి మూతబడింది. తొమ్మిది నెలలు కరబాఖ్ అర్మేనియన్లు రొట్టెకూ మందులకూ అల్లాడారు. ఒడంబడిక ప్రకారం కాపలా వున్న రష్యా సైనికులు చూస్తూ వుండిపోయారు. 2023 సెప్టెంబరు 19న అజర్‌బైజాన్ దాడి చేసింది. మరుసటి రోజు మధ్యాహ్నానికి మరొక కాల్పుల విరమణ వచ్చింది. దాని తర్వాత కొద్ది రోజుల్లోనే లక్షకు పైగా అర్మేనియన్లు, అంటే దాదాపు అందరూ, ఆ నేల వదిలి వెళ్లిపోయారు. ఈ విరమణను ఎవరూ ఉల్లంఘించలేదు. ఉల్లంఘించడానికి అక్కడ మనుషులు మిగలలేదు. 2025 ఆగస్టు 8న వాషింగ్టన్‌లో అమెరికా అధ్యక్షుడి ఎదుట రెండు దేశాల విదేశాంగ మంత్రులు శాంతి ఒప్పందపు ముసాయిదాపై పొట్టి సంతకాలు చేశారు. అది నిలవాలనే నేను కోరుకొంటాను. అయితే ఖాళీ చేసిన ఊళ్లమీద నిలిచిన శాంతికి ఆ ఊళ్ల కథ తెలిసి వుండాలి.

రెండు ఊళ్ల కథ ఇక్కడ చెబుతాను. అజర్‌బైజాన్‌లో కెర్కెంజ్ అనేది అర్మేనియన్ల గ్రామం. అర్మేనియా ఉత్తరాన కిజిల్ షఫాగ్ అనేది అజర్‌బైజానీల గ్రామం. 1989లో, నాలుగు వైపులా ద్వేషం మండుతూండగా, ఈ రెండు గ్రామాల రైతులూ ఒకరితో ఒకరు మాట్లాడుకొన్నారు. ఇక్కడ వుండలేమని ఇద్దరికీ తెలిసిపోయింది. వెళ్లి ఒకరి ఊరు ఒకరు చూసుకొన్నారు. ఇంటికి ఇల్లు లెక్కన ఊరికి ఊరు మార్చుకొన్నారు. మీ పెద్దల సమాధులు మేము చూసుకొంటాం, మా పెద్దల సమాధులు మీరు చూసుకోండి అని మాట ఇచ్చుకొన్నారు. తర్వాత రెండు రాజ్యాలమధ్య యుద్ధం జరిగింది, సరిహద్దు మూతబడింది, ఉత్తరాలు సైతం నిలిచిపోయాయి. కాని ఆ రెండు ఊళ్లవాళ్లూ సమాధులను గూర్చి ఇచ్చిన మాట తప్పలేదు. ఆ తర్వాత అర్మేనియన్, అజర్‌బైజానీ పరిశోధకులు కలిసి ఆ కథను పుస్తకంగా రాశారు. ఇది ఆనందించదగిన కథ అని నేననను. పుట్టిన ఊరు వదలడం ఎవరికైనా దుఃఖమే. కాని ఈ ముప్పై అయిదేళ్లలో అక్కడ కుదిరిన ఒప్పందాలన్నింటిలో ఇదొక్కటే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకొని చేసుకొన్నది. సరిగ్గా అదే నిలిచింది.

రచయితలకు ఇందులో ఏం పని అని అడిగేవారున్నారు. కాకసస్ గాయకుడు సాయత్ నోవా 18వ శతాబ్దంవాడు, పుట్టుకతో అర్మేనియన్. అతడు అర్మేనియన్‌లో, జార్జియన్‌లో, అజర్‌బైజానీ తుర్కీలో పాటలు కట్టాడు. మిగిలిన పాటల్లో ఎక్కువ భాగం ఆ తుర్కీ భాషవే. నేటి సరిహద్దులను బట్టి అతడి నాలుకను ఏ దేశానికి అప్పగించాలో ఎవరు చెప్పగలరు? మన కాలంలోనే మరొకరున్నారు. అక్రమ్ అయిలిస్లీ అజర్‌బైజాన్‌లో ప్రజా రచయిత బిరుదు పొందిన పెద్ద రచయిత. బాకూలో అర్మేనియన్లమీద జరిగిన హింసను, తన పుట్టిన ఊరు అయిలిస్‌లో వెనకటి అర్మేనియన్ల ఊచకోతను తలచుకొంటూ 'రాతి కలలు' అనే నవలిక రాశారు. అది 2012 డిసెంబరులో మాస్కో పత్రిక ఒకదానిలో అచ్చయింది. ఆ పత్రిక పేరుకు అర్థం జాతుల మైత్రి. 2013 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఆయన బిరుదునూ పింఛనునూ లాగివేసింది. ఆయన పుస్తకాలను తగలబెట్టారు. ఆయన చెవి కోసి తెచ్చినవాడికి బహుమానం ఇస్తానని ఒక పార్టీ నాయకుడు బహిరంగంగా ప్రకటించాడు. ఆయన చేసిన నేరం, శత్రువుకు ముఖమున్నదని తన భాష చదివేవాళ్లతో చెప్పడం. 2020లో యుద్ధం మొదలైన కొద్ది రోజులకే అజర్‌బైజాన్ వామపక్ష యువకులు కొద్దిమంది యుద్ధ వ్యతిరేక ప్రకటన చేశారు. విజయోత్సాహంలో మునిగిన దేశంలో ఆ పిడికెడుమంది నిలబడిన చోటే అభ్యుదయవాది నిలబడవలసిన చోటు. అర్మేనియావైపు కూడా, అగ్దామ్‌ను, ఖోజాలీని గూర్చి మాట్లాడిన ప్రతి గొంతుకూ అంతే గౌరవం దక్కాలి.

ఇదంతా దూరపు కొండల సంగతి అని మనం పుస్తకం మూసెయ్యడానికి లేదు. 2018 డిసెంబరులో హైదరాబాదులోనే అదానీ, ఎల్బిట్ సంస్థలు కలిసి సైనిక డ్రోన్ల కర్మాగారం తెరిచాయి. కరబాఖ్ యుద్ధం తర్వాత మన ప్రభుత్వం అర్మేనియాకు ఫిరంగి రాకెట్లు అమ్మింది. పాకిస్తాను మొదటినుంచీ అజర్‌బైజాన్ పక్షాన వున్నది. 2025 మే నెలలో మన రెండు దేశాలమధ్య నాలుగు రోజులు పోరాటం జరిగి మే 10న విరమణ వచ్చింది. రెండు వైపులనుంచీ డ్రోన్లు సరిహద్దు దాటాయి. ఆ నాలుగు రోజులూ మా స్టాఫ్ రూములో పెద్దవాళ్లు కూడా, అయిదేళ్లనాడు నా విద్యార్థి చూసినట్టే, ఫోను తెరమీద చావులను చూసి మెచ్చుకొన్నారు. సరిహద్దు గ్రామాల్లో ఫిరంగి దెబ్బకు చచ్చిపోయిన పిల్లల బొమ్మలు ఎవరి ఫోన్లోకీ రాలేదు.

ఆ ఏడు దసరా సెలవుల్లో నా పాత విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. బి.ఎస్సీ. ఎలక్ట్రానిక్స్ చదువుతూ ద్వితీయ భాషగా నా దగ్గర తెలుగు చదివినవాడు. హైదరాబాదులో ఒక చిన్న సంస్థలో డ్రోన్లకు మోటార్లు అమర్చే పని చేస్తున్నాడు. వాళ్ల నాన్న కౌలు రైతు. ఈ ఉద్యోగంతోనే చెల్లెలి పెళ్లి చేశాడు. "మేష్టారూ, ఇవే మోటార్లు పొలానికి మందు కొట్టే డ్రోన్లకూ వేస్తాం, సైన్యానికి పోయేవాటికీ వేస్తాం. ఏది ఎక్కడికి పోతుందో మాకు చెప్పరు. నేను చేసేది తప్పు పనంటారా?" అని అడిగాడు. నేను ఆన్-2 కథ చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే దేశానికి కాపలా అక్కర్లేదా?" అన్నాడు.

నేను వాణ్ణి ఉద్యోగం మానెయ్యమనలేదు. వాడు మానితే ఆ బల్లదగ్గర మరొక కౌలు రైతు కొడుకు కూర్చొంటాడు. కాపలా అక్కర్లేదనీ అనలేదు. నేను చెప్పింది ఇది: "నీ చేతిమీదుగా పోయే సరుకు ఎవరికి, ఎందుకు పోతున్నదో తెలుసుకొనే హక్కు నీకున్నది. ఆ హక్కు నువ్వొక్కడివే అడిగితే ఉద్యోగం పోతుంది, నలుగురూ కలిసి అడిగితే సంఘం అవుతుంది. ఏ దేశానికి ఏ ఆయుధం అమ్ముతున్నారో చట్టసభలో చెప్పి తీరాలని జనం అడగాలి. పైన తిరిగే దానిలో నీ మోటారున్నది కాబట్టి కింద వున్నవాడు ఎవడో తెలుసుకోవడం నీ పని కూడా." వాడు ఒప్పుకొన్నాడని చెప్పలేను. ఆలోచిస్తానన్నాడు.

1950లో అణ్వస్త్రాలకు వ్యతిరేకంగా స్టాక్‌హోం విజ్ఞప్తి వెలువడినపుడు ప్రపంచమంతటా కోట్ల జనం దానికింద సంతకాలు పెట్టారు. ఒక్క బాంబుతో నగరం మాడిపోతుందన్న భయం ఆనాడు అందరినీ ఒకచోట చేర్చింది. డ్రోన్ అంత భయపెట్టదు. అది ఒక్కొక్కణ్ణే చంపుతుంది, తక్కువ ఖర్చుతో చంపుతుంది, చంపి వినోదం చూపుతుంది. కాబట్టి దానికి వ్యతిరేకంగా జనాన్ని కూడగట్టడం ఆనాటి పనికంటే కష్టమైన పని. ఆ పనిలో రచయితకూ ఉపాధ్యాయుడికీ ప్రత్యేకంగా కొంత వాటా వున్నది. మన పిల్లలకు చేరుతున్న ప్రతి మూగ చిత్రం కిందా, ఆ లారీ దిగి రెండడుగులు వేసినవాడెవడు, ఏ ఊరివాడు, వాడికోసం ఎవరు ఎదురుచూస్తున్నారు అనే ప్రశ్నను తరగతిలో బిగ్గరగా అడగాలి. అయిలిస్లీని, అర్మేనియన్ కథకులను మన భాషలోకి తేవాలి. ఆ రెండు ఊళ్ల సమాధుల కథ మన పాఠ్యపుస్తకాల్లోకి రావాలి. కాల్పుల విరమణ వార్త వచ్చిన ప్రతిసారీ, ఎవరు సంతకం చేశారని అడిగి ఊరుకోకుండా, ఆ తర్వాత ఆ ఊళ్లో ఎవరు మిగిలారని అడగడం మన విద్యార్థులకు అలవాటు చెయ్యాలి.